తిరుపతిలో ఇల్లుంటే

2007 జూన్ 14, గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు దేవరాజులు చిత్తూరు బస్సు దిగి, చేతిలో నాలుగు కాగితాలతో మేనల్లుడు గిరిప్రసాద్ ఇంటికి వచ్చాడు. పదకొండు రోజుల్లో గిరిప్రసాద్ తమ్ముడికీ దేవరాజులు కూతురు పల్లవికీ పెళ్లి. శుభలేఖలు తెచ్చాడనుకున్నాడు గిరిప్రసాద్. కాదు.

"ఎవురో తిరుపతి ఆడమనిషి ఇంటర్నెట్టులో రాస్తా ఉండాదంట అబ్బోడా, కొండకొచ్చే చుట్టాల గురించి. మా పల్లవి కంప్యూటర్ క్లాసులో కాగితం మీదికి తీసిచ్చింది. కూసో, సదువుతా."

గిరిప్రసాద్ కూర్చున్నాడు. 'తిరుపతిలో ఇల్లుంటే' అనే ఆ బ్లాగును అతను రెండు నెలలుగా ఆఫీసులో చదువుతున్నాడు. రాసినామె పేరు లేదు, 'ఇల్లాలు' అని మాత్రం ఉంది. కానీ అందులోని ఇల్లు ఈ ఇల్లే. గొళ్లెం ఊడిన బాత్రూం తలుపు ఈ ఇంటిదే. పన్నెండు దోసెలు తినే చిత్తూరు చుట్టం ఎదురుగా కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"'చుట్టం తెల్లవారి నాలుగింటికి లేచి పుక్కిలించాడు. సుప్రభాతం అనుకుని వీధంతా లేచి దండం పెట్టుకుంది.'" దేవరాజులు చదవడం ఆపి మేనల్లుడి ముఖంలోకి చూశాడు. "బాగుండాదా?"

"ఉండాది మామా."

"మరి నవ్వలేదే?"

గిరిప్రసాద్ నవ్వాడు.

"'పన్నెండో దోసె అయ్యాక, ముందులాగా తినలేకపోతున్నానమ్మా అని బాధపడ్డాడు.'" మళ్లీ ఆగాడు. "ఇదెట్లుండాది?"

"ఎవురో పాపం. మనోళ్లు కాదులే మామా."

"మనోళ్లని ఎవురన్నారప్పా?"

మంచినీళ్లు తెస్తానని గిరిప్రసాద్ వంటింట్లోకి వెళ్లాడు. భార్య నవీన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"నువ్వే గదా రాసింది? ఆయనకు తెలిస్తే పెళ్లి ఆగిపోతాది!"

"నేనా? అందులో మొగుణ్ణి ధర్మరాజు అని రాసినారు. నిన్ను నేను ధర్మరాజు అంటానా?"

ఆ వాక్యాన్ని గిరిప్రసాద్ ఎనిమిదిసార్లు చదువుకున్నాడు. అడిగితే ఎక్కడ తీసేస్తుందోనని రెండు నెలలు నోరు విప్పలేదు. ఇప్పుడామె మాట నమ్మలేదు. గొళ్లెం సంగతి బయటివాళ్లకెలా తెలుస్తుంది?

నవీన దోసెలు వేసింది. దేవరాజులు పదకొండు తిన్నాడు. కాగితాల వైపు చూశాడు. ఇంకొకటి అడిగాడు.

"నూట ఇరవైమంది మెచ్చుకున్నారంట. హైదరాబాదు నించి ఒకాయప్ప, దుబాయి నించి ఇంకొకాయప్ప" అన్నాడు చేయి కడుక్కుంటూ. "మళ్లీ ఒకసారి సదవనా?"

"వద్దు మామా, బస్సు టైమవుతాంది."

పన్నెండున్నరకు ఇద్దరూ బస్టాండులో ఉన్నారు. దేవరాజులు బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"అబ్బోడా, అది రాసిందెవురో నాకు తెలుసు."

గిరిప్రసాద్ చుట్టూ చూసి మెట్టు దగ్గరికి జరిగాడు.

"పల్లవికి గూడా తెలుసు. పెళ్లయ్యేదాకా సెప్పొద్దు అనింది. నేనే ఉండబట్టలేక వచ్చినాను."

గిరిప్రసాద్‌కు శుభలేఖలు, కల్యాణమంటపం, నవీన ముఖం వరసగా కనిపించాయి. మామ చేయి పట్టుకున్నాడు.

"నేనే మామా. ఆడమనిషి మాదిరి నేనే రాసినాను. నవీనకు ఏమీ తెలీదు. కోపముంటే నన్ను రెండు పీకు. పెళ్లి మాత్రం ఆపొద్దు."

కండక్టర్ విజిల్ వేశాడు. దేవరాజులు మెట్టు దిగాడు.

"నేను రాసింది నువ్వెట్ల రాసినావప్పా?"