సున్నా చూపిన మీటరు

ఇలా దగ్గరికి జరగండి. ఇది దూరం నుంచి వినే సంగతి కాదు.

అణు విద్యుత్ కేంద్రంలో ఆ రోజు, ప్రమాదం వస్తే ఏం చేస్తారో జనానికి చేసి చూపిస్తున్నారు. మీటర్ల గది చూసుకునే అమ్మాయి చేతి మీటరు పైకెత్తింది.

"రేడియేషన్ ఉంటే ఇది టిక్కు టిక్కుమంటుంది. సున్నా చూపిస్తే భయం లేదు, లోపలికి వెళ్లొచ్చు."

గుంపులోంచి ఓ ముసలాయన దూసుకొచ్చి మీటరు లాక్కున్నాడు.

"తప్పు తల్లీ! రేడియేషన్ మరీ ఎక్కువైతే దీని లోపలి గొట్టం ఉక్కిరిబిక్కిరై నోరు మూసుకుంటుంది. అప్పుడూ సున్నాయే! ఆ పెద్ద పెట్టె మీటరు కూడా పట్టుకెళ్లు, అది ఎంతున్నా నోరు మూయదు."

"అదా? రేపోమాపో పాత సామానుకు పోతుంది తాతగారూ. మోస్తే నడుం విరుగుతుంది."

"నడుం విరిగినా బతికుంటావు."

జనం గొల్లున నవ్వారు. అమ్మాయి ముఖం కందగడ్డయింది.

"తాతకు దగ్గులు నేర్పడం విన్నాను గానీ, దగ్గే తాత మీటర్లు నేర్పడం ఇప్పుడే చూస్తున్నా! ఎవరక్కడ, ఈయన్ని గేటు దాటించండి."

ఆయన మీటరు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే సైరన్ నిజంగానే మోగింది. పంపుల గదిలో రియాక్టరు నీళ్ల గొట్టం పగిలిందన్నారు. అమ్మాయి మీటరు పట్టుకుని ముందు నడిచింది, వెనకే పంపుల మేస్త్రీ. మీటరు మొదట టిక్కుమంది, తర్వాత పేలాలు వేగినట్టు చిటపటలాడింది.

తలుపు దగ్గరికి రాగానే గప్‌చుప్.

"హమ్మయ్య, సున్నా! పద," అంటూ మేస్త్రీ తలుపు మీద చెయ్యి వేశాడు.

అమ్మాయికి ముసలాయన మాట గుర్తొచ్చింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగలేదు, పీక నొక్కినట్టు ఆగింది.

"ఆగు బాబాయ్!" అని చొక్కా పట్టి వెనక్కి లాగేసింది.

ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. దూరంగా వరండా మలుపులో పెద్ద పెట్టె మీటరు తెచ్చి పెట్టారు. ముల్లు ఎక్కువ వైపు చివరి కొసకు పోయి అతుక్కుపోయింది.

"ఇక్కడే ఇంతుంటే, ఆ తలుపవతల..." మేస్త్రీ తలుపు మీద వేసిన చెయ్యి చూసుకున్నాడు.

మర్నాడు సందర్శకుల పుస్తకంలో చిరునామా వెతుక్కుని అమ్మాయి ఆ ఇంటి తలుపు తట్టింది. ఓ ముసలావిడ తీసింది.

"తాతగారున్నారా బామ్మగారూ? క్షమించమని అడగాలి."

"మొన్ననే పోయారమ్మా."

అమ్మాయి గుమ్మంలోనే కూర్చుంది.

"ఆయన మాట వల్లే ఇద్దరం బతికాం. అసలు మీటర్ల సంగతి ఆయనకెలా తెలుసండీ?"

"మీ కేంద్రానికి ఆ టిక్కు టిక్కు మీటరు మొదట చేసిచ్చింది ఆయనే," అంది ముసలావిడ. "అది సున్నా చూపించిందని, ఏం లేదు వెళ్లమ్మా అంటూ అక్కడే పనిచేసే మా అమ్మాయిని లోపలికి పంపిందీ ఆయనే."

ఈ మాట మనసులో పెట్టుకోండి. మీటరు పట్టే చెయ్యి ఎక్కడ కనబడినా, ఆపి చెప్పండి.