పైపు దగ్గరికి వెళ్ళావంటే...

కారు ఆగిందో లేదో, వీరభద్రం చేతికర్ర ఊపుకుంటూ గేటు దాకా వచ్చేశాడు.

"మళ్ళీ తగలబడ్డావూ? నీకు సిగ్గూ శరం లేవా?"

"రోడ్డు పక్క కాలవ అందరిదీ తాతగారూ," అంది తేజశ్రీ, ఖాళీ సీసాలు దించుతూ.

"ఎవరికే తాత? నీలాంటి మనవరాలుంటే ఏ గంగలోనో దూకేవాణ్ణి!"

తేజశ్రీకి ఒళ్ళు మండిపోయింది. గ్వెల్ఫ్ యూనివర్సిటీ నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చేది ఈ తిట్లు తినడానికా? తెలుగు మొహం కనబడిందని మొదటి రోజు మురిసిపోయినందుకు తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపించింది.

పోయిన ఎండాకాలం ఈ పొలం దిగువనున్న లేక్ మీద నీలం కలిసిన పచ్చటి పాచి పెయింటులా తేలింది. ఆ తర్వాత ఎవరో యూనివర్సిటీలో తన లాబ్ గుమ్మంలో ఆ నీళ్ళ సీసా పెట్టిపోయారు. సీసా మెడకి ఓ కుక్క బెల్టు. బిళ్ళ మీద బన్నీ అని పేరు. ఆ నీళ్ళు తాగి చచ్చిపోయిన కుక్కది కాబోలు.

మొక్కజొన్న చేలో కొట్టే కలుపు మందే లేక్‌లో మంచి నాచుని చంపి, విషపు నాచుకి చోటిస్తోందని తేజశ్రీ అనుమానం. కానీ కాలవలో ఎన్నిసార్లు నీళ్ళు పట్టినా మందు జాడ లేదు. ఇంకొక్కసారి చూసి, దొరక్కపోతే వదిలెయ్యమంది ప్రొఫెసర్. పిల్లలు మళ్ళీ లేక్‌లో ఈతకి దిగే రోజులు దగ్గరపడ్డాయి.

ట్రాక్టర్ మీంచి అనంత్ నవ్వాడు. పొలం అతనిదే. ముసలాయన అల్లుడు.

"ఇంకో డోసు వెయ్యండి మావయ్యా!"

వీరభద్రం రెచ్చిపోయాడు. "ఆ విల్లో చెట్టు కింద పైపు దగ్గరికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా! రేపు మందు కొడుతున్నాం. ఎల్లుండి వానలో గానీ ఈ ఛాయలకొచ్చావో, కుక్కని వదుల్తా!"

పైపా? పొలం అడుగున ఇంకిన నీళ్ళని నేరుగా లేక్‌లోకి వదిలే పైపొకటి ఉందని ఆమెకి ఇప్పటిదాకా తెలీదు. కోపంలో ముసలాయన నోరు జారాడు. నవ్వు ఆపుకుంటూ కారెక్కింది.

అన్నట్టే వాన పడింది. తడుస్తూ వచ్చింది. గేటు బయటే, లేక్ ఒడ్డున చెట్టు వేళ్ళ చాటున పైపు దొరికింది. సీసాలు నిండాయి. కుక్క మాత్రం రాలేదు.

లాబ్‌లో ఆ నీళ్ళు కలిపిన జాడీలో ఆకుపచ్చ నాచు పాలిపోయి చచ్చింది. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులూ పోయాయి. విషపు నాచు మాత్రం బలిసింది.

వారం తిరక్కుండా అధికారులు దిగారు. వాళ్ళ వెనకే తేజశ్రీ మొదటిసారి ఆ గేటు దాటింది.

"మీ నోటి దూల వల్లే కదా మావయ్యా ఇదంతా!" అనంత్ అరుస్తున్నాడు.

"కోపిష్టి వెధవని. ఏం చెయ్యను?" అని గొణిగి, వీరభద్రం ఆమె మీదికి కర్ర ఎత్తాడు. "కడుపు చల్లబడిందా? ఇక ఫో!"

"పోతున్నా తాతగారూ. మీ నోటికి చాలా థాంక్స్!" అని వెటకారంగా చేతులు జోడించి తల తిప్పింది తేజశ్రీ.

వరండాలో ముసలాయన కుర్చీ పక్కన ఖాళీ కుక్కగూడు, దాని నెత్తిన వంకర తెలుగక్షరాల్లో ఓ పేరు: బన్నీ.