ఎర్రర్లు వచ్చే వైపు

ధర్మవరంలోని మా పట్టుచీరల షాపుకూ, హిందూపురం బ్రాంచికీ మధ్య కంప్యూటర్ల కోసం వేయించిన లీజు లైన్లోనే ఆఫీసు ఫోన్లు కూడా నడుస్తాయి. నాయన నా సెల్లు లాక్కున్నాక, ఆ బ్రాంచి చూసుకునే చిన్నమ్మతో మాట్లాడడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే.

నాయన లేనప్పుడల్లా గుసగుసగా చెప్పేదాన్ని. "చిన్నమ్మా, నాయన బెల్టుతో కొడతాండాడు. వచ్చి నన్ను పిల్చుకోని పో."

అవతల అంతా గరగర. మధ్యలో ఒక్క ముక్కే తెలిసేది: "ఏమీ ఇనపడల్యాదు పాపా."

ఈరోజు పెనుకొండ నుంచి ఇంజనీరు శివకృష్ణ వచ్చి, రౌటర్ వెనక వదులైన వైరు బిగించాడు. గరగరకు కారణమైన ఎర్రర్లు స్క్రీన్ మీద ఆగిపోయాయి.

"ఇంగ నా మాట ఆడ ఇనపడతాదా అన్నా?"

నవ్వాడు. "ఎర్రర్లన్నీ ఈడికొచ్చే వైపే పాపా. రెండు పక్కలా చూసినా. నువ్వు మాట్లాడింది ఆడ ఎప్పుడూ బాగానే ఇనపడింటాది."

అతను వెళ్లాడు. నాయన భోజనానికి లేచి ఇంటికెళ్లాడు. రిసీవర్ ఎత్తి, మళ్లీ అదే చెప్పాను.

చిన్నమ్మ గొంతు నా పక్కనే కూర్చున్నంత స్పష్టంగా వచ్చింది.

"ఈ పాడు లైను ఎప్పుడు బాగైతాదో ఏమో పాపా," అని పెట్టేసింది.