పేరిందేవమ్మ పురుగుల కుండలు

గడ్డి మొలవడం మానేశాక ఏటి మధ్య లంకలో గేదెలన్నీ కర్రే తింటున్నాయి. పెరటి కుండలో పుల్లలు వేస్తే, కర్ర తొలిచే పురుగులు మోసుకొచ్చే బూజు నాలుగు రోజుల్లో వాటిని మెత్తటి మేత చేసేస్తుంది. ఎవరింట్లోనో మేత త్వరగా మెత్తబడుతోందని ఊరంతా ఆ కుండలోని బూజునే తెచ్చి, పాలకి పెరుగులా తమ కుండల్లో తోడేసుకున్నారు. పురుగులు కూడా తల్లి నుంచి పిల్లకు ఆ ఒక్క బూజునే అందించుకుంటూ పోయాయి. అందుకే మొన్న మంగళవారం ఒక్క తెగులుకే కుండలన్నీ నల్లబడ్డాయి.

పేరిందేవమ్మకు మాత్రం ఆరు కుండల్లో ఒక్కటే పోయింది. పనస మొద్దులోంచి, పాత పడవ చెక్కలోంచి, ఎక్కడ పురుగు కనిపిస్తే అక్కణ్ణించి తెచ్చి విడివిడిగా పెంచే పిచ్చి ఆవిడది. ఇన్నాళ్ళూ నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కరికి ఒక్కో కుండలోది వేసింది.

పక్కింటి మంగతాయారు మూతి ముడిచింది. "వాళ్ళకి తెల్ల బూజిచ్చి నాకీ పసుపుదేంటండీ పిన్నిగారూ? అందరికీ ఆ మంచిదే ఇవ్వచ్చు గదా!"

"ఇవ్వచ్చే తల్లీ," అంది పేరిందేవమ్మ, ఆమె గిన్నెలో ఇంకో పిడికెడు వేస్తూ. "మరి రేపు నా కుండలు పోతే, నేను గిన్నె పట్టుకుని ఎవరింటికి రావాలే?"