ఉరుములత్త పంతం

"ఆ రేకు దించెయ్ అత్తా," అన్నాడు మేనేజరు.

"దించను," అంది ఉరుములత్త.

వేదిక వెనక, రంగులేసిన గోడ చాటున, దూలానికి తాళ్లతో వేలాడుతోంది ఆ ఇనప రేకు. తలుపంత ఉంటుంది. కింది అంచున రెండు పిడులు. ఆ పిడులు పట్టుకుని ఊపితే ఉరుము. వేసవి వచ్చిందంటే ఈ ఆరుబయట నాటకశాలలో ఉరిమే ఉరుములన్నీ ఆవిడవే. బట్టల గదిలో పనిచేసే కోడలు 'అత్తయ్యా' అని పిలుస్తుంటే విని, వేషాలేసేవాళ్లందరూ అత్తా అనడం మొదలెట్టారు. మిగతా సగం పేరు రేకు పెట్టింది.

"ప్రేక్షకుల వెనకాల కొత్త మెషీను పెట్టించాను కదా. ఒక మీట నొక్కితే ఉరుము, ఇంకోటి నొక్కితే గాలి. ఇంకా ఈ రేకెందుకు? ఈ రోజుల్లో ఈ చప్పుడు ఎవరు నమ్ముతారు చెప్పు."

"మీ మెషీను మీరు నొక్కుకోండి. నా రేకు మీకేం అడ్డమొచ్చింది?"

"నేను మేనేజర్ని. దించమంటే దించాలి."

"నిచ్చెన అదిగో. మీరే ఎక్కి దించుకోండి."

మేనేజరు నిచ్చెన వైపు చూశాడు, తన పొట్ట వైపు చూసుకున్నాడు. టికెట్లు సరిగా తెగక ఆయనకి ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. నాటకం రాసినాయన్ని ఏమీ అనలేడు. సగం మాటలు మింగేసే తండ్రి వేషధారిని అంతకన్నా అనలేడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు గానీ, ఇక్కడ ఆ పడేదేదో ఏకంగా ఉరుము మీదే పడింది.

"సరే, వేలాడనీ. ఇవాళ దాని మీద నీ చెయ్యి పడిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అనేసి ముందువైపుకి వెళ్లిపోయాడు.

కోడలు నోట్లోని గుండుసూదులు తీసి అరచేతిలో పోసుకుంది. "ఊరుకోండత్తయ్యా. ఆయనతో మనకెందుకు? నా దగ్గర కూర్చుని గుండీలు కుడుదురు గాని. నీడపట్టున ఉంటారు."

"గుండీ ఊడితే కుట్టుకోవచ్చే. పరువు ఊడితే ఏ దారంతో కుట్టమంటావ్?"

"పంతానికి పోతే పని పోతుంది."

"పోనీ."

పోనీ అనైతే అంది గానీ, ఆవిడకి భయం లేక కాదు. ఈ పని పోతే వచ్చే వేసవికి తనెవరో తనకే తెలియదు. అయినా ఒళ్లు మండిపోతోంది. తన ఉరుముని ఎవరూ నమ్మరట.

పొద్దు వాలుతుండగా దీపాలు వెలిగాయి, నాటకం మొదలైంది. చివరి అంకంలో ముసలి తండ్రి కూతురితో పోట్లాడి గడప దాటాలి, పైన ఉరమాలి, ఆయన గుండె పట్టుకుని కూలిపోవాలి. ఆయన గడప దాటాడు. మెషీను ఉరిమింది. ఉరమడమంటే, మేడ మీద ఎవరో బీరువా జరిపినట్టు. ముందు వరసలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆయన్ని చూసి పక్కావిడ నవ్వింది. తండ్రి పాపం గుండె పట్టుకుని కూలేసరికి నవ్వు వెనక వరసల దాకా పాకింది. తండ్రి శవం మీద పడి కూతురు వెక్కి వెక్కి ఏడుస్తున్నా ఆగలేదు.

"వింటున్నావా?" అంది ఉరుములత్త. "చావుకి నవ్వుతున్నారు."

"మేనేజరు ఏమన్నాడో గుర్తుందా?"

"ఉంది. ఆ పాత గుడ్డ ఇటియ్యి, చేతులకి చుట్టుకుంటాను."

కోడలు ఇవ్వలేదు. అత్తగారి మొహంలోకి ఒకసారి చూసింది. ఆ మొహం చూశాక ఆపడం తన తరం కాదని తేలిపోయింది. గుడ్డని చించి తనే ఆవిడ అరచేతులకి గట్టిగా చుట్టింది. "కానీండి. పోతే ఇద్దరం పోదాం."

ఉరుములత్త ముందు రేకుని ఊరికే కదిపింది. ఎక్కడో దూరాన ఆకాశం సణుక్కున్నట్టయింది. నవ్వులు సన్నబడ్డాయి. ఆగింది. ఉరుము ఇంకాస్త దగ్గరికొచ్చినట్టు, ఇంకాస్త కోపంగా కదిపింది. మళ్లీ ఆగింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అప్పుడు మోకాలు ఆనించి, ఒంట్లో ఉన్న సత్తువంతా, కడుపులో ఉన్న ఉక్రోషమంతా కలిపి ఒక్క ఊపు ఊపింది. నేల అదిరింది. పక్కనే నిలబడి చూస్తున్న కోడలు కూడా చెవులు మూసుకుంది.

చప్పట్లు కొడతారని చెవులు రిక్కించింది ఉరుములత్త. కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది.

"వానొచ్చేస్తోంది, లేవండి లేవండి."

"పిల్లాణ్ణెత్తుకో ముందు."

"బండి ఎక్కడ పెట్టారండీ?"

జనం పొలోమని గేటు వైపు పడ్డారు. వేదిక మీద ఏడుస్తున్న కూతురు ఏడుపాపి, "దండెం మీద బట్టలున్నాయి," అంటూ లోపలికి ఉరికింది. చచ్చిపడి ఉన్న తండ్రి లేచి కూర్చుని, "నావి కూడా తీయమ్మా," అని వెనకే పరుగెత్తాడు. ఇద్దరూ రోజూ ఆ రేకుని రాసుకుంటూ వేదికెక్కేవాళ్లే.

ఉరుములత్త తెర పక్కకి లాగి బయటికి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్కలు నిండుగా మెరుస్తున్నాయి. ఒక్క కుర్చీలో కూడా మనిషి లేడు.

"కొంప ముంచారు కదత్తయ్యా," అంది కోడలు. "ఇక మనల్ని గేటు లోపలికి కూడా రానివ్వడు. ఇంతకీ ఏడీ ఆయన?"

ఉరుములత్త వేలు పెట్టి చూపించింది. ఖాళీ కుర్చీలన్నిటికీ అవతల, మేనేజరు చొక్కా విప్పి కొత్త మెషీను మీద కప్పి, అదెక్కడ తడిసిపోతుందోనని దాని మీద బోర్లా పడుకుని ఉన్నాడు.