శనివారం కారు

ఎమ్మారైలో కొత్త వాపు ఎక్కడా లేదని డాక్టర్ చెప్పాడు. ఆరేళ్ల క్రితం సార్కాయిడోసిస్ అనే జబ్బు భార్య జెమీమా కంటినరాల్లోకి పాకి చూపు పోయినప్పటి నుంచి సుందర్ రాజ్ ఈ మాట కోసమే ప్రార్థిస్తున్నాడు.

మరి చూపెప్పుడొస్తుందని అతనడిగాడు. జబ్బు అణిగింది గానీ, అది పాడుచేసిన నరాలు మళ్లీ బాగుపడవన్నాడు డాక్టర్.

పార్కింగ్‌లో భార్యను కారెక్కించి, తనూ స్టీరింగ్ ముందు కూర్చుని సుందర్ ఫోన్ తీశాడు.

"ఫిలడెల్ఫియాలో ఇంకో స్పెషలిస్ట్ ఉన్నాడట. ఇప్పుడే బుక్ చేస్తాను."

"ఇప్పటికే నలుగురికి చూపించాం కదండీ."

"ఐదో ఆయనకి చూపిస్తే తప్పేంటి? ఇంటి దగ్గర నీ కారు బ్యాటరీ పోకుండా ప్రతి శనివారం స్టార్ట్ చేసి పెడుతున్నాను. ఎందుకనుకున్నావ్? నువ్వు మళ్లీ డ్రైవ్ చేస్తావనే కదా."

"తెలుసు. కిటికీ దగ్గర కూర్చుని ఆ చప్పుడు వింటూనే ఉంటాను. విన్నప్పుడల్లా, ఇంట్లో ఉన్న నేను మీకు చాలడం లేదనిపిస్తుంది."

ఆమె కోసమే ఆశ నిలబెడుతున్నానని అతననుకున్నాడు. ఆమె వింటోందని ఒక్కనాడూ తోచలేదు.

"చూపు రాదని నీకెప్పుడు తెలిసింది?"

"రెండో ఏడే."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తట్టుకోలేరని."

ఫోన్ ఒళ్లోకి జారిపోయింది. స్టీరింగ్ మీద తల ఆనించి సుందర్ ఏడ్చాడు. ఆరేళ్లలో ఆమె ముందు అతను ఏడవడం అదే మొదటిసారి.

జెమీమా తడుముకుంటూ అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడవండి. తొందరేం లేదు. నాకూ చాలా రోజులు పట్టింది."