ఎనభై నాలుగో పేజీ రంగు

“రంగు తప్పమ్మా. ఒక్కటి కూడా బల్ల ఎక్కదు,” అన్నాడు జడ్జి.

మరదలు అట్టపెట్టెలోంచి పదకొండో వ్యాగన్ తీసి, చుట్టిన పాత పేపరు విప్పి, మిగతా పదింటి పక్కన పెట్టింది. అరచేతిలో పట్టేంత గూడ్సు వ్యాగన్లు. అన్నీ ఆమె భర్త, జడ్జి తమ్ముడు, చేసినవే. తమ్ముడు పోయి రెండు నెలలైంది.

జడ్జి అంటే కోర్టు జడ్జి కాదు. బొమ్మ రైళ్లు చేసేవాళ్ల సంఘంలో రంగుల తీర్పు ఆయనది. ఏ కాలం వ్యాగన్‌కి ఏ రంగుండేదో, ఏ ఏడు మారిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయన ఊఁ అంటేనే ప్రదర్శనలో చోటు. ఉహూఁ అన్నాడా, బ్రహ్మదేవుడు చేసిన వ్యాగనైనా తిరిగి సంచిలోకే.

“రేపొక్కరోజే కదా బావగారూ ప్రదర్శన. ఆయన పేరు రాసి ఓ మూల పెట్టండి చాలు.”

“మూలైనా నడిమధ్యైనా తప్పు తప్పే. మన ఊరి రైలు కార్ఖానా వ్యాగన్లది ఇటుక రంగు. వాడు కాల్చిన కాఫీ గింజ రంగేశాడు. ఆరేళ్ల కిందటే నలుగురిలో చెప్పాను, వింటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.”

“చెప్పడం కాదు, నలుగురిలో తల తీసేశారు. ‘పెయింటరు కొడుకువై ఉండి రంగు తెలీదా’ అన్నారు. ఆ పెయింటరు మీకూ నాన్నే కదా.”

జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాన్న ముప్పై ఏళ్లు ఆ కార్ఖానాలో వ్యాగన్లకి రంగులేశాడు. ఆయన పోయాడు, కార్ఖానా మూతపడింది, వ్యాగన్లు తుక్కుకి పోయాయి. మిగిలిన ఫోటోలన్నీ నలుపు తెలుపువే.

“రోజూ సాయంత్రం మామయ్యగారి గోళ్లు కిరసనాయిలు గుడ్డతో రుద్దింది మా ఆయనేనట. మీరేమో చదువుకుంటూ ఉండేవారట. ఆ గోళ్ల సందుల్లో రంగు ఎలా మర్చిపోతాను అనేవారు. ఆస్పత్రిలో కూడా అదే మాట. ‘అన్నయ్య ఒక్కసారి వచ్చి చూస్తే ఒప్పుకుంటాడు’ అని. మీరు రాలేదు.”

రాలేదు, నిజమే. వెళితే తను తగ్గినట్టవుతుందని వెళ్లలేదు. అది తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది గనక తలుచుకోవడమే మానేశాడు మహానుభావుడు.

“జ్ఞాపకాలు సాక్ష్యం కాదమ్మా. మన కార్ఖానా వ్యాగన్ల మీద అచ్చయిన పుస్తకం ఉంది, అదీ సాక్ష్యం. ఎనభై నాలుగో పేజీలో రంగు అచ్చేసి మరీ ఉంది.”

“ఆ పుస్తకానికెవరు చెప్పారు?”

పుస్తకం వచ్చిన ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జడ్జి కూడా వేసుకోలేదు.

“రాసినాయన ఇక్కడికి రెండు స్టాపుల దూరంలోనే ఉన్నాడు. పద, నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని. అసలు సాక్ష్యం ఆయన చూపిస్తే?”

“పెట్టె తీసుకుని ఇంటికెళ్లిపోతాను. మళ్లీ ఈ మాటెత్తను. చూపించలేకపోతే?”

“పదకొండూ ముందు బల్ల మీద పెడతాను. వాడే కరెక్టని మైకులో చెబుతాను,” అన్నాడు. చెప్పాల్సిన అవసరం రాదని ఆయన ధీమా.

బస్సులో ఆమె పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జడ్జి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ పెద్దాయన సాక్ష్యం చూపిస్తే చాలు, ఆస్పత్రికి వెళ్లకపోవడానికి ఓ కారణమంటూ మిగులుతుంది. చూపించలేకపోతే ఏం మిగులుతుందో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

పుస్తకం రాసిన పెద్దాయన వీళ్లని చూసి సంబరపడిపోయాడు. కుర్చీల మీది కాగితాలు తీసి కూర్చోబెట్టాడు.

“ఎనభై నాలుగా? ఆ ఒక్క పేజీ కోసం నాలుగేళ్లు తిరిగానండీ. కార్ఖానా రికార్డులు చెదలు తినేశాయి. పాత పెయింటర్లని అడిగితే తలో రంగూ చెప్పారు.”

“మరి ఎలా తేల్చారు?” అంది మరదలు.

“కార్ఖానా పెద్దాఫీసరు గారింట్లో దొరికింది తల్లీ, ఆయన పోయాక.” బీరువా తెరిచి, మెత్తటి గుడ్డలోంచి ఓ చిన్న చెక్క వ్యాగన్ తీశాడు. చక్రాలు ఊడిపోయి ఉన్నాయి. “ఆఫీసులో ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవారట. ఎవరో పెయింటరు తెచ్చిచ్చాడని వాళ్లావిడ చెప్పింది. పెయింటరు తెచ్చింది, పెద్దాఫీసరు బల్ల మీద ఉన్నది. కార్ఖానా నమూనా కాక ఇంకేమవుతుంది? దీన్ని పక్కన పెట్టుకునే రంగు కలిపించి అచ్చేయించాను.”

ఇటుక రంగు. పుస్తకంలో రంగుకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. జడ్జి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

మరదలు లేచి, పెట్టె తాడు ముడి బిగించింది. “సరే బావగారూ. మాటంటే మాటే. ఆయనే పొరబడ్డారు,” అంది. గుమ్మం వైపు నడిచింది.

“ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చా?” అన్నాడు జడ్జి.

“భేషుగ్గా చూడండి. మీలాంటివాళ్లు చూడాలనే దాచాను.”

జడ్జి వ్యాగన్ తిరగేశాడు. అడుగున నాలుగు మేకులు. ఒకటి సరిగ్గా దిగక వంగిపోతే పక్కకి కొట్టి అణిచేశారు. దాని పక్కన కాంపాసు మొనతో గీసిన వంకర టింకర నెంబరు. ఆయన బొటనవేలు ఆ మేకు మీదే ఆగిపోయింది.

“వెళదామా బావగారూ?” గుమ్మంలోంచి అడిగింది మరదలు.

ఆయన వేలు మేకు మీంచి నెంబరు మీదికి జారింది.

ఏడో తరగతి సెలవుల్లో ఆ చెక్క వ్యాగన్ చేసి, ఇంటి గేటుకి వేయగా మిగిలిన రంగు పూసి, నాన్న చేతికిచ్చింది తనే.